అద్దం మీది చుక్క

ఆ చుక్క తను పెట్టింది కాదు. పిల్‌నమ్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసింది, ముఖం తెరకి ఆనేంతగా వంగింది, మళ్ళీ కళ్ళద్దాలు దించుకుని చూసింది. కాక్‌పిట్ ముందద్దం తెర నిండా పరుచుకుని ఉంది, విమానంలోంచి ఊడదీసి బల్ల మీద ఆరబెట్టినట్టు. నాలుగేళ్ళుగా ఆమె దిద్దుతున్న అద్దం. కంప్యూటర్లో విమానం నడిపే సిమ్యులేటర్ ముందు కూర్చున్నవాళ్ళు బయటి ఆకాశాన్ని చూసేది దీనిలోంచే. అద్దం ఉన్నట్టు తెలియాలి, అడ్డమున్నట్టు అనిపించకూడదు. అందుకని ఎండ పడ్డప్పుడు మాత్రమే పైకి తేలే సన్నటి గీతలు, గుడ్డ పట్టుకుని తుడిచినవాడి చెయ్యి తిరిగినచోట విల్లులా వంగిన మసక, అంచుల్లో రబ్బరు పట్టీ నీడ, అన్నీ ఒక్కొక్క పొరగా ఆమె తన చేత్తోనే వేసింది. ఏ గీత వేసిననాడు పొయ్యి మీద ఏం మాడిందో కూడా చెప్పగలదు. ఎడమ సీటుకి ఎదురుగా, దిక్సూచికి కాస్త కింద, ఈ బూడిదరంగు చుక్క మాత్రం ఆమెది కాదు. మురికి ఇంత గుండ్రంగా ఉండదు. పురుగు కొట్టుకుని చస్తే వెనకాల తోక సాగుతుంది. వాన చినుకు ఎండితే అంచు ముదురుగా, నడుమ లేతగా ఉంటుంది. ఇది పని తెలియని చెయ్యి బ్రష్షుని ఒక్కసారి నొక్కి వదిలేసిన చుక్క. ఈ కంప్యూటర్ని ముట్టుకునేవాళ్ళు ఇద్దరే. ఒకరు తను. ఇంకొకరు యున్‌సుల్.

యున్‌సుల్ ఇప్పుడు రన్‌వే మీదికి వెళ్తూ ఉంటుంది, లేదా ఈపాటికే గాల్లో ఉంటుంది. పక్క సీటులో గురువు లేకుండా, ఒంటరిగా, మొట్టమొదటిసారి. చెల్లెలి కూతురు అన్నమాటే గానీ నాలుగేళ్ళ వయసప్పటినించీ ఈ ఇంట్లో, ఈ చేతుల్లో పెరిగిన పిల్ల. పక్కగదిలో కుర్చీ మీద మెత్తలు వేసుకుని, ఎత్తు సరిచూసుకుని, ఈ అద్దంలోంచి చూస్తూ రాత్రీ పగలూ దిగడం నేర్చుకున్న పిల్ల. ఎక్కడం ఎప్పుడూ బాగానే ఎక్కేది, దిగడమే చేతకాలేదు. ఎప్పుడూ ఎత్తుగా వచ్చేది, సగం రన్‌వే కింద జారిపోయాక గాని చక్రం నేలకి తగిలేది కాదు. మొదటి గురువు వదిలేశాడు. రెండో ఆయన, టక్ గురువు, వదలలేదు గాని, "ఇంకొకసారి ఇలా దిగావంటే మీ పెద్దమ్మ పక్కన కూర్చుని ఫొటోలు దిద్దుకో తల్లీ, అక్కడైతే ఎవరూ చావరు" అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పి, స్నానాలగదిలోకి వెళ్ళి చాలాసేపు నీళ్ళు వదిలి ఉంచింది. మరి రెండు నెలల కిందట ఉన్నట్టుండి ఆ పిల్ల సరిగ్గా దిగడం మొదలుపెట్టింది. పక్కగదిలోంచి తలుపు తోసుకొచ్చి, "పెద్దమ్మా, ఇంక అద్దం జోలికెళ్ళకు, ఇలాగే ఉండనీ" అంది. "ఏం, అంత బాగా కుదిరిందా?" "కుదిరింది. నువ్వింక ముట్టుకోకు, అంతే." ఆ పూటంతా పిల్‌నమ్ కాళ్ళు నేల మీద నిలవలేదు. తన అద్దం వల్లే పిల్లకి దూరాలు తెలిసొచ్చాయని అనుకుంది. పక్కింటావిడని పిలిచి తెర చూపించి, ఎక్కడ ఏం మార్చిందో చెప్పింది కూడా. ఆవిడ చూసి, "నాకేం కనబడ్డంలేదు వదినా" అంటే, "అదే గొప్ప" అని పొంగిపోయింది.

అద్దం కాదు, చుక్క. రన్‌వే మొదటి గీత ఆ చుక్క మీద కూర్చోవాలి, కూర్చున్నాక అక్కణ్ణించి కదలకూడదు. గీత చుక్క కిందకి జారితే నువ్వు ఎత్తులో ఉన్నావు, పైకి లేస్తే కిందున్నావు. పిల్ల తనకి తనే కనిపెట్టుకుంది, పుస్తకాల్లో లేదు, ఎవరూ చెప్పలేదు. కంప్యూటర్లో పెట్టుకున్న మనిషి నిజం విమానంలో పెట్టుకోకుండా ఉంటుందా? ఆ ఆలోచన వచ్చీరాగానే పిల్‌నమ్ చెయ్యి మౌస్ మీద నించి దానంతటదే లేచి, కుర్చీకి తగిలించిన చేతిసంచిలోకి పోయింది. చేతిరుమాలు బయటికొచ్చింది. మడత విప్పితే మధ్యలో నల్లటి మైనపు చార, వేలెడు పొడుగున.

ఇవాళ మధ్యాహ్నమే. సముద్రపు నాచులో చుట్టిన అన్నం ముక్కలు డబ్బాలో సర్దుకుని, చుట్టూ గుడ్డ కట్టుకుని, మొక్‌పో బస్సెక్కి, వంతెన దాటి విమానాల మైదానానికి వెళ్ళింది. బస్సులో పక్కనున్న చేపలమ్మే ఆవిడ, "ఏంటమ్మా, పరీక్ష నీకా, మీ పిల్లకా? నీ మొహం చూస్తే నీకే అన్నట్టుంది" అంటే బస్సంతా నవ్వింది. తనూ నవ్వింది. మైదానంలో గాలి ఉప్పగా, బురద వాసనేస్తూ ఉంది. యున్‌సుల్ వాతావరణం కాగితం తెచ్చుకోవడానికి ఆఫీసులోకి పరిగెత్తింది. టక్ గురువు మర్యాదస్తుడు, "అద్దాలు చేసే అమ్మగారు నిజం అద్దం చూడకపోతే ఎలా? ఎక్కండి" అని చెయ్యి పట్టుకుని రెక్క మీదికి ఎక్కించి ఎడమ సీటులో కూర్చోబెట్టాడు. ఎంత ఇరుకు, ఎంత వేడి. అద్దం ముక్కుకి ఎంత దగ్గర. తను చేసినదాని కన్నా గీతలు ఎక్కువ, మసక తక్కువ అనుకుంటూ లెక్కలు వేసుకుంటూ ఉంటే, కళ్ళెదురుగా ఒక నల్లటి మచ్చ. గురువు ఎవరితోనో మాట్లాడుతూ అటు తిరిగి ఉన్నాడు. ఆమె ఆలోచించలేదు. ముప్ఫైఏళ్ళు ఫొటో స్టూడియోలో మచ్చలు తీసి తీసి, మచ్చ కనబడితే మెదడుకి చెప్పకుండానే కదిలే చెయ్యి అది. రుమాలు కొస నాలుకతో తడిచేసింది, గట్టిగా రుద్దింది. మొండిగా ఉంటే గోరుతో గీరింది. అద్దం తళతళలాడింది. పిల్ల మొదటిసారి ఒంటరిగా వెళ్తోంది, శుభ్రంగా కనబడాలి అని కూడా అనుకుంది. అనుకుని మురిసిపోయింది. దిగి, ఒంగి దణ్ణం పెట్టి, తిరుగు బస్సెక్కి ఇంటికొచ్చి, అద్దంలో మెరుపు మరీ ఎక్కువైందని సిమ్యులేటర్ వాడేవాళ్ళెవరో రాసిన ఫిర్యాదు చూసి, అది తగ్గిద్దామని ఈ బొమ్మ తెరిచింది.

యున్‌సుల్ నంబరు నొక్కింది. ఆపి ఉంది. విమానం ఎక్కేముందు ఫోన్లు అల్మారాలో పెట్టేస్తారు, తెలుసు, తెలిసే నొక్కింది. రెండోసారి కూడా తెలిసే నొక్కింది. టక్ గురువు నంబరు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. అక్కడిదాకా నాలుగడుగులు. ఆ నాలుగడుగులూ వేసి, నంబరు చదివి, ఫోను పట్టుకుని నిలబడింది. ఏమని చెప్పాలి? మా పిల్లకి ఇప్పటికీ దిగడం రాదండీ, అద్దం మీద చుక్క పెట్టుకుని మిమ్మల్ని రెండు నెలలుగా మభ్యపెట్టింది, ఆ చుక్క నేను తుడిచేశానండీ, అనా? ఆయన ఊరుకుంటాడా? దిగగానే ఫొటోలు దిద్దుకో పో అనడా? యున్‌సుల్ ఈ ఒక్కదాని కోసం కాలేజీ మానేసింది, రాత్రిళ్ళు సరుకుల కొట్లో నిలబడింది, కాళ్ళు వాచి ఇంటికొచ్చి కూడా పక్కగదిలో దీపం వేసుకుని కూర్చుంది. చెప్తే ఆ బతుకు పోతుంది. చెప్పకపోతే. చెప్పకపోతే అన్నదాని తరవాత మాట దొరకలేదు, దొరకనివ్వలేదు. కిటికీ అవతల సముద్రం వెనక్కి తగ్గి బురద బయటపడింది, పడమటి ఎండకి బురదంతా రేకులా మెరుస్తోంది. ఆ వెలుగు పిల్ల కళ్ళలో సూటిగా పడుతుంది ఇప్పుడు. అద్దం శుభ్రంగా ఉంటే ఇంకా సూటిగా పడుతుంది. మసక పొర ఎంత పలచగా ఉండాలా అని తను ఎన్నాళ్ళు తంటాలు పడింది. మసక కూడా ఒక నీడేగా.

మైనం పెన్సిల్. స్టూడియోలో కూడా అదే నలుపు వాడేవాళ్ళు, ఫొటో మీద ఎక్కడ దిద్దాలో గుర్తు పెట్టడానికి. ముసలివాళ్ళు మంచిబట్టలు కట్టుకుని, జుట్టు దువ్వించుకుని వచ్చేవాళ్ళు, తాము పోయాక నల్ల రిబ్బను కట్టి పెట్టే ఫొటో తామే ముందుగా తీయించుకోవడానికి. "ముడతలు కొంచెం తగ్గించమ్మా, మరీ తగ్గించకు, పైకెళ్తే మా ఆయన గుర్తుపట్టొద్దూ" అని నవ్వేవాళ్ళు. తగ్గించేది. మరకలు తీసేది, కళ్ళకింద సంచులు తీసేది, నవ్వులో ఊడిన పన్ను కట్టేది. ఒకసారి మాత్రం ఎవరూ ముందుగా తీయించుకోని ఫొటో వచ్చింది. చెల్లెలు యాంగ్‌రేది. ఓడెక్కి జపాన్‌లో ఒసాకాకి పనికని వెళ్ళింది, ఆర్నెల్లలో వస్తానంది, పిల్లని నీ దగ్గరుంచు అక్కా అంది. రేవులో ఓడ కూతపెడుతుంటే జనం మధ్యలోంచి తొంగి చూసి, సంచి ఎడమ భుజం నించి కుడి భుజానికి మార్చుకుని వెళ్ళిపోయింది, వెనక్కి చూడలేదు. చూసిందేమో, ఎవరి తలో అడ్డం వచ్చిందేమో. అక్కణ్ణించి డబ్బు వచ్చేది, తరవాత ఉత్తరాలొచ్చాయి, తరవాత ఏమీ రాలేదు, ఆ తరవాత బూడిదతో ఒక చిన్న పెట్టె వచ్చింది. గుర్తింపు కార్డు మీది చిన్న ఫొటోని పెద్దది చేసి పిల్‌నమ్ తనే దిద్దింది. ఏడుస్తూ దిద్దింది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ దిద్దింది, తన జన్మలో అంత అందంగా ఏదీ దిద్దలేదు. యున్‌సుల్‌కి అప్పుడు ఆరేళ్ళు. ఫొటో ముందు చాలాసేపు నిలబడి, "ఇది మా అమ్మ కాదు" అంది. పెదవి మీది పుట్టుమచ్చ లేదు. ఎప్పుడు తీసేసిందో పిల్‌నమ్‌కి తెలియనే లేదు. తిరిగి పెట్టబోతే కుదరలేదు, కాస్త పైకి పెడితే ఎవరోలా, కాస్త కిందకి పెడితే ఇంకెవరోలా, చుక్క ఎన్నిసార్లు పెట్టినా ముఖం రాలేదు. చివరికి ఏదో ఒకచోట పెట్టి వదిలేసింది. ఇప్పటికీ ఆ ఫొటోలో ఉన్నది యాంగ్‌రే అవునో కాదో ఆమెకి అనుమానమే.

ఫోను చేతిలో వేడెక్కింది. ఇంకొక మాట కూడా ఉంది, ఎవరూ వినని ఈ గదిలో కూడా పైకి అనలేని మాట. ఇవాళ గనక బాగా దిగితే యున్‌సుల్ తూర్పు తీరంలో విమానం నేర్పే పెద్ద బడికి వెళ్ళిపోతుంది. అక్కడే ఉండాలి, అక్కడే తినాలి, సెలవు దొరికితే రావచ్చు. దొరికితే. ఆ సంగతి చెప్పినప్పుడు పిల్‌నమ్ సంతోషంగానే తల ఊపింది, బట్టలు మడత పెట్టింది, కొత్త దుప్పటి కొంది, ఆ దుప్పటి అంచు రాత్రంతా నలిపింది. మరి మధ్యాహ్నం ఆ చెయ్యి అంత గట్టిగా ఎందుకు రుద్దింది? ఊడకపోతే గోరు ఎందుకు వాడింది? లేదు, తెలీదు, దేవుడిమీదొట్టు అది పిల్ల గుర్తని తనకి తెలీదు. అలవాటు, అంతే. ముప్ఫైఏళ్ళ అలవాటు. అలవాటే అయితే ఈ ఫోను నొక్కడానికి ఇంతసేపెందుకు పట్టింది? చెప్పకుండా కూర్చుంటే పిల్ల ఎత్తుగా వచ్చి, రన్‌వే దాటి, బురదలోకి. చెప్తే పిల్ల ఇంటికే వస్తుంది, ఎప్పటికీ, మొహం మాడ్చుకుని. రెండు దారుల్లోనూ తనే తోసినట్టు. సరే, మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. మాట్లాడటం మానేస్తే మానేయనీ. ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడకుండా ఉండనీ. పిల్‌నమ్ నంబరు నొక్కింది.

"ఆఁ, ఎవరూ?" టక్ గురువు గొంతు వెనక గాలి చప్పుడు.

"నేనండీ గురువుగారూ, యున్‌సుల్ పెద్దమ్మని. పిల్ల ఎక్కడుంది?"

"పైనే ఉందమ్మా. చక్కగా ఎక్కింది. ఇప్పుడు తిరిగొస్తోంది, నేను కింద రేడియో పట్టుకునే ఉన్నాను. మీరేం కంగారుపడకండి."

"మధ్యాహ్నం నేను ఆ అద్దం తుడిచేశానండీ."

"మంచిదేగా."

"కాదండీ. దాని మీద చుక్క ఉండేది. మైనం చుక్క. అది చూసుకునే దిగుతుంది పిల్ల. రన్‌వే దాని మీద పెట్టుకుని. ఇంట్లో కూడా అంతే, నేనిప్పుడే చూశాను. అది లేకపోతే దానికి ఎత్తు తెలీదండీ. తిట్టండి, కొట్టండి, తరవాత ఏమన్నా చెయ్యండి, ముందు దాన్ని కిందకి దించండి."

"ఇంత పని చేసిందా," అన్నాడాయన, తనలో తనే. తరవాత రేడియో మీట నొక్కిన టిక్కుమనే చప్పుడు. ఫోను పెట్టేయలేదు, మరిచిపోయాడో, కావాలనే ఉంచాడో. పిల్‌నమ్ ఫోను చెవికి అదిమిపెట్టుకుని, రెండో చెవి అరచేత్తో మూసుకుని, ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడింది.

"యున్‌సుల్. ముందద్దం ఎలా ఉంది?"

గరగరమంటూ, దూరంగా, డబ్బాలోంచి వస్తున్నట్టు ఆ గొంతు. "శుభ్రంగా ఉంది గురువుగారూ."

"ఎప్పుడు చూశావ్?"

"ఎక్కగానే."

"మరి చెప్పలేదే?"

గరగర. గరగర. ఎక్కగానే చూసింది. చూసి కూడా నోరు మెదపకుండా తలుపేసుకుని వెళ్ళిపోయింది. తల్లీకూతుళ్ళ తీరే ఇంత, వాళ్ళమ్మా ఇంతే, ఒక్క మాట అంటే ఎవరైనా ఆపేస్తారేమోనని ఏమీ అనకుండా వెళ్ళిపోయే రకం.

"సరే, విను," అన్నాడు గురువు. ఆయన గొంతులో కోపం లేదు, లేకపోవడమే భయంగా ఉంది. "అద్దాన్ని వదిలెయ్. అద్దం లేదనుకో. దాని అవతల చూడు. రన్‌వే నీకు వెడల్పుగా పడుకున్నట్టు కనబడుతోందా, నిలబడ్డట్టు కనబడుతోందా?"

"నిలబడ్డట్టు."

"అంటే?"

"ఎత్తుగా ఉన్నాను."

"ఏం చేద్దాం మరి?"

మళ్ళీ గరగర. పిల్‌నమ్ కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే తెర కనబడింది, గాజు పొరలు ఒకదాని మీద ఒకటి, అవతల నిటారుగా లేచిన బూడిదరంగు దారి, దాని చివర మెరిసే బురద. కిందకి తొయ్యకు, అంది లోపల, తొయ్యకు తల్లీ, మొండికెయ్యకు, సరిపోతుందనుకోకు.

"మళ్ళీ చుట్టూ తిరిగొస్తాను గురువుగారూ."

"రా. పెట్రోలు బోలెడుంది. నాకు వేరే పనేం లేదు."

ఇంజను గొంతు పెంచింది, ఫోనులో కూడా వినబడింది, తల మీదనించి పోయినట్టుంది. మళ్ళీ చుట్టూ తిరగడమంటే ఎంతసేపు? బియ్యం కడిగినంతసేపా, అన్నం ఉడికినంతసేపా? ఓడ రేవు దాటి మలుపు తిరిగినంతసేపు. ఆరోజు మలుపు తిరిగేదాకా నిలబడలేదు తను, చంకలో పిల్ల ఏడుస్తోందని ముందే వచ్చేసింది. నిలబడి ఉంటే ఏమయ్యేది, ఏమీ అయ్యేది కాదు, ఓడ వెళ్ళేది ఎలాగూ వెళ్ళేది. కానీ నిలబడి ఉండేది. ఈసారి కదలను, కాళ్ళు లాగనీ, కదలను. ఫ్రిజ్ వీపు వెనక గుర్రుమంటోంది. కంప్యూటర్లో ఎవరో అద్దం గురించి ఇంకో ఫిర్యాదు రాసినట్టుంది, టింగుమంది. ఉండండయ్యా. ఇప్పుడు కాదు. పిల్ల మలుపులో ఉంటుంది, ఎడమ రెక్క వంచి, భుజం మీదుగా రన్‌వే చూసుకుంటూ. ఆ పిల్ల ఎప్పుడూ నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుంటుంది. పెట్టుకోకు, కుదుపొస్తే కొరుక్కుంటావు.

"ఇప్పుడెలా ఉంది?" గురువు.

"పడుకునుంది."

"ఎంత?"

"రోజూ ఉన్నంత."

"ఇంకేం. నేను మాట్లాడను. దిగు."

ఆయన నిజంగానే మాట్లాడలేదు. గాలి కూడా మాట్లాడనట్టే అనిపించింది. ఇంజను చప్పుడు సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగిపోయిందా అనిపించేంత సన్నబడింది. అప్పుడు కీచుమని, దూరంగా, రబ్బరు నేలకి రాసుకున్న చప్పుడు. ఆ వెంటనే ఇంకొకటి. ఎవరో దగ్గరలోనే, కుర్రాళ్ళు కాబోలు, ఈల వేశారు. గురువు వదిలిన ఊపిరి ఫోనులో బరబరమంది. పిల్‌నమ్ నేల మీద కూర్చుండిపోయింది, ఎప్పుడు కూర్చుందో తెలీదు, కాళ్ళు రెండూ ముందుకి చాపుకుని, చిన్నపిల్లలా.

"దిగిందమ్మా," అన్నాడు టక్ గురువు. "బాగా దిగింది. తిరిగొస్తానంది చూశారూ, నాకు దిగడం కన్నా అది నచ్చింది. కానీ ఇవాళ్టిది నేను లెక్కలో వెయ్యను. చుక్క పెట్టుకున్నందుకు కాదు, ఎక్కగానే చూసి చెప్పనందుకు. రేపటినించి మళ్ళీ నా పక్కన కూర్చుంటుంది. తూర్పుకి వెళ్ళడం ఈసారికి లేదు. వచ్చే బ్యాచ్‌కి చూద్దాం."

"అలాగేనండీ."

"మీకు కోపంగా లేదా?"

లేదనబోయింది. లేదు అంటే అబద్ధమో నిజమో తేల్చుకునేలోపే ఫోనులో కేక వినబడింది. ఆడపిల్ల కేక. యున్‌సుల్ కేక. గుండెలవిసిపోయేలా ఒకటి, దాని వెనకే ఇంకొకటి. "ఏమైంది? గురువుగారూ, ఏమైందండీ దానికి?" పిల్‌నమ్ లేవబోయి ఫ్రిజ్ తలుపు పిడి పట్టుకుంది. దబ్బున ఏదో పడ్డట్టు చప్పుడు, బకెట్టు దొర్లిన చప్పుడు, నవ్వులు.

"నీళ్ళమ్మా, నీళ్ళు," అని టక్ గురువు కూడా అరిచాడు, ఆయన మీద కూడా పడ్డట్టున్నాయి. "ఒంటరిగా ఎగిరొచ్చినవాళ్ళని మా దగ్గర ఇలా తడిపేస్తారు. ఈ వెధవలకి ఇంకా ఏం తెలీదు, పండగ చేసుకుంటున్నారు. ఒరేయ్, ఆగండ్రా, ఫోనురా నాయనా! ఇదిగో, మాట్లాడండి."

పళ్ళు టకటకలాడుతున్న చప్పుడు ముందు వచ్చింది, తరవాత గొంతు. "పెద్దమ్మా. చెప్పేశావు కదూ."

"చెప్పేశాను."

"రెండు నెలలు. రెండు నెలలు ఎవ్వరికీ తెలీకుండా దాచుకున్నానే! ఒక్క ఫోనుతో ఊదేశావు. నువ్వేనని నాకు ఎక్కగానే తెలిసింది, ఈ మైదానంలో ఉమ్మి పెట్టి విమానం తుడిచేవాళ్ళు ఇంకెవరున్నారు? మనిషివేనా అసలు? కనబడ్డదల్లా తుడిచెయ్యడమేనా? నీ చెయ్యి ఊరికే ఉండదా?"

"ఉండదు."

"ఉండదట! ఇప్పుడాయన నన్ను మొదట్నించీ దింపిస్తాడట. మా బ్యాచ్‌లో మిన్‌హో వెళ్తాడు, వాళ్ళంతా వెళ్తారు, నేను ఇక్కడే ఈ బురద చూస్తూ కూర్చోవాలి. చలేస్తోంది. బూట్లలో కూడా నీళ్ళే. నీ వల్లే. అంతా నీ వల్లే. ఇంటికొచ్చాక నీతో మాట్లాడనే మాట్లాడను, అనుకో. వింటున్నావా? ఏయ్ పెద్దమ్మా, ఉన్నావా?"

"ఉన్నానే," అంది పిల్‌నమ్, ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంటూ. "ఆపకు. ఇంకా తిట్టు."